‘ఎనీ అప్డేట్ సర్?’ అని పంపే ముందు

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. బయటికొచ్చి బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర టీ తాగుతూ ఇంటికి ఫోన్ చేసి "బాగా చేశాను నాన్నా, రెండు రోజుల్లో చెప్తామన్నారు" అని చెప్పేశారు. ఆ రెండు రోజులు కాస్తా పది రోజులయ్యాయి. పీజీలో రూమ్మేట్ "ఒకసారి పింగ్ చెయ్ రా" అంటాడు, మీకేమో మొహమాటం, అడిగితే ఏమనుకుంటారో అని. ఇంకో రెండు రోజులు ఓపిక పట్టి, ఇక పట్టలేక, రాత్రి పదకొండున్నరకి వాట్సాప్‌లో ‘ఎనీ అప్డేట్ సర్?’ అని కొట్టేస్తారు. పొద్దున లేచి చూస్తే రెండు నీలం టిక్కులు. జవాబు మాత్రం లేదు.

ఇదంతా నేను చేసిందే. బెంగళూరు వచ్చిన కొత్తలో ఒక కంపెనీ హెచ్ఆర్‌కి ఒకే వారంలో నాలుగుసార్లు ఆ మూడు ముక్కలూ పంపాను, నేను సర్ సర్ అంటున్నది ఒక మేడమ్‌ని అని తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడు నేనే అప్పుడప్పుడు ఇంటర్వ్యూ ప్యానెల్‌లో కూర్చుంటున్నాను, అటువైపు నుంచి చూశాక అర్థమైంది ఏంటంటే, అడగడం తప్పు కాదు, జవాబివ్వడానికి వీల్లేనట్టు అడగడమే తప్పు. ‘అప్డేట్ ఏంటి’ అంటే హెచ్ఆర్ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు, ఇంకా తేలలేదు కాబట్టి. అదే ‘ఎప్పటికి తెలియొచ్చు’ అంటే ఏదో ఒక తేదీ చెప్పగలరు. కాబట్టి ప్రతిసారీ అడగాల్సింది తేదీనే.

అసలు ఆలస్యం ఎక్కడవుతుందో ముందు తెలుసుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది. మీరు వెళ్ళిపోయాక ఇంటర్వ్యూ చేసినవాళ్ళు ఫీడ్‌బ్యాక్ ఫారం నింపాలి. వాళ్ళకి అది అసలు పని కాదు, ఆ రోజు సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందనుకోండి, ఫారం మర్చిపోతారు (నేనూ మర్చిపోయాను, హెచ్ఆర్ రెండుసార్లు గుర్తు చేస్తే గానీ నింపలేదు, ఆ అభ్యర్థి ఎవరో గానీ పాపం నాలుగు రోజులు ఎదురు చూసి ఉంటాడు). ఆ తర్వాత మిగతా అభ్యర్థుల ఇంటర్వ్యూలు అవ్వాలి. ఆ తర్వాత మేనేజర్ సరే అనాలి, మేనేజర్ సరే అన్నాక పై నుంచి బడ్జెట్‌కి అప్రూవల్ రావాలి, జీతం లెక్క వేయాలి. పైవాళ్ళు అమెరికాలో ఉంటే ఇంకో తిప్పలు, కాలిఫోర్నియాలో పొద్దున తొమ్మిదంటే మనకి రాత్రి తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర, ఒక్క ప్రశ్న అటు వెళ్ళి జవాబు ఇటు రావడానికే ఒక రోజు పోతుంది. వీటిలో ఎక్కడ ఆగినా మీకు కనిపించేది మాత్రం మౌనమే. మౌనం అంటే కాదన్నట్టు కాదు. అలాగని అవునన్నట్టూ కాదు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

లేచి వచ్చే ముందే అడగండి

అసలు ఫాలో అప్ అనేది ఇంటర్వ్యూ గదిలోనే మొదలవుతుంది, మనలో ఎక్కువమంది ఇక్కడే దెబ్బ తింటాం. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు కదా, అక్కడ "నో సర్, థాంక్యూ సర్" అని లేచి వచ్చేస్తాం. అలా రాకండి. మూడు విషయాలు అడగండి: తర్వాత ఇంకెన్ని రౌండ్లు ఉంటాయి, ఫలితం సుమారుగా ఎప్పటికి తెలుస్తుంది, ఆ తేదీ దాటితే ఎవరిని అడగాలి, మెయిల్ చేయాలా ఫోన్ చేయాలా. ఆ మూడో ప్రశ్న చాలా ముఖ్యం, ఎందుకంటే దానికి వాళ్ళు జవాబు చెప్పారంటే మీరు తర్వాత అడగడానికి వాళ్ళే అనుమతి ఇచ్చినట్టు, ఇక మొహమాటపడే పనే లేదు.

గేటు దగ్గర విజిటర్ బ్యాడ్జి తిరిగి ఇచ్చేలోపే వాళ్ళు చెప్పిన తేదీ, మాట్లాడినవాళ్ళ పేర్లు, గట్టిగా చర్చ జరిగిన ఒక విషయం ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఇంటికెళ్ళి రాద్దాంలే అనుకుంటే వైట్‌ఫీల్డ్ నుంచి బీటీఎం చేరేసరికి అన్నీ మర్చిపోతారు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే మాట్లాడుతుండగానే కాగితం మీద గీకేయండి.

అదే రోజు ఒక చిన్న మెయిల్

ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రం, లేదంటే మర్నాడు పొద్దున, ఒక థాంక్స్ మెయిల్ పెట్టండి. దీనివల్ల ఉద్యోగం వచ్చేస్తుందా అంటే రాదు, ఇంటర్వ్యూ పాడైతే ఏ మెయిలూ కాపాడదు. లాభమల్లా ఏంటంటే మీకూ వాళ్ళకీ మధ్య ఒక మెయిల్ థ్రెడ్ తయారవుతుంది, తర్వాత అడగాల్సి వచ్చినప్పుడు దాని కిందే రాయొచ్చు, మీరెవరో మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు. ఇంటర్వ్యూకి పిలుస్తూ వాళ్ళు పంపిన మెయిల్ ఉంటుంది కదా, దానికే రిప్లై కొడితే ఇంకా మంచిది. మెయిల్ ఇంగ్లీషులోనే రాయాలి, అందులో భావం సుమారుగా ఇలా ఉంటే చాలు:

"నమస్తే. ఈ రోజు పొద్దున బ్యాకెండ్ డెవలపర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చాను. సమయం ఇచ్చినందుకు థాంక్స్. పేమెంట్ ఫెయిలైనప్పుడు డబ్బు రెండుసార్లు కట్ అవకుండా ఎలా చూడాలనే దాని మీద జరిగిన చర్చ నాకు బాగా నచ్చింది, ఆ తరహా పని చేయాలని ఆసక్తిగా ఉంది. వచ్చే బుధవారం కల్లా చెప్తామన్నారు. ఈలోగా నా నుంచి ఏమైనా కావాలంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి."

ఐదు వాక్యాలు, అంతే. చర్చ గురించిన ఆ ఒక్క వాక్యం మాత్రం మీ ఇంటర్వ్యూలో నిజంగా జరిగిందే అయి ఉండాలి. ఛాట్‌జీపీటీతో రాయించిన మెయిళ్ళు ఈ మధ్య వరసగా వస్తున్నాయి, అన్నిట్లోనూ ‘థ్రిల్డ్’ అనే మాటే, రెండు చూశాక మూడోది ఎవరూ చదవరు. గ్రామర్ సరిచూడ్డానికి వాడుకోండి, విషయం మాత్రం మీరే రాయండి. పేరు స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకోండి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో పంపిన మెయిల్‌ని వెనక్కి తీసుకునే గడువు మామూలుగా 5 సెకన్లు ఉంటుంది, దాన్ని 30 సెకన్లకి మార్చిపెట్టుకోండి, ఒక్కోసారి ఆ ముప్ఫై సెకన్లే పరువు కాపాడతాయి.

ఎన్ని రోజులు ఆగాలి

వాళ్ళు తేదీ చెప్పి ఉంటే ఆ తేదీ దాటాక ఒకటి రెండు పనిదినాలు ఆగి అడగండి. "నెక్స్ట్ వీక్ చెప్తాం" అన్నారంటే ఆ వారం శుక్రవారం దాకా వాళ్ళదే, మీరు ఆ పై మంగళవారం రాయండి. తేదీ ఏమీ చెప్పకపోతే ఐదు నుంచి ఏడు పనిదినాలు, అంటే గురువారం ఇంటర్వ్యూ అయితే తొందరగా అనుకున్నా వచ్చే గురువారం. శని ఆదివారాలు లెక్కలోకి రావు. పండగలూ రావు: దసరాకి ఆయుధపూజ, విజయదశమి పక్కపక్కనే వస్తాయి, నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం, డిసెంబర్ చివరి పది రోజులు సగం ఆఫీసు సెలవు మీదే ఉంటుంది, అమెరికన్ కంపెనీ అయితే నవంబర్ నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్, ఆ వారం అక్కడివాళ్ళ నుంచి ఏ జవాబూ ఆశించకండి.

సోమవారం పొద్దున మెయిల్ పెడితే వారాంతంలో వచ్చిన గుట్టలో మీది అడుగున పడుతుంది. శుక్రవారం సాయంత్రం సంగతి చెప్పక్కర్లేదు, మనవాళ్ళలో సగం మంది అప్పటికే మడివాళ దగ్గర బ్యాగులేసుకుని ఊరి బస్సు కోసం నిలబడి ఉంటారు. మంగళ, బుధ, గురువారాల్లో పదిన్నర పదకొండు మధ్య వెళ్ళేలా చూడండి. రాత్రి రాశారా, రాయండి, షెడ్యూల్ పెట్టి పొద్దున వెళ్ళేలా చేయండి. రాత్రి ఒంటిగంటకి వచ్చిన మెయిల్ చూస్తే వీడికి నిద్ర పట్టట్లేదని తెలిసిపోతుంది, అది తెలియాల్సిన అవసరం లేదు.

అసలు మెయిల్

అదే థ్రెడ్‌లో, మళ్ళీ కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా:

"నమస్తే. 12వ తేదీ బ్యాకెండ్ డెవలపర్ ఇంటర్వ్యూకి వచ్చాను. 19కల్లా ఫలితం తెలుస్తుందన్నారు. ఇంకా నిర్ణయం జరగకపోతే ఫర్వాలేదు, సుమారుగా ఎప్పటికి తెలియొచ్చో చెప్తే నేను దాన్ని బట్టి చూసుకుంటాను. ఈ ఉద్యోగం మీద నా ఆసక్తి అలాగే ఉంది."

‘ఇంకా జరగకపోతే ఫర్వాలేదు’ అన్న ముక్క వదిలేయకండి. జవాబు ఆలస్యమైందని అటువైపు మనిషికి కూడా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది, ఇది చదివితే ఆ ఇబ్బంది పోయి "వచ్చే వారం చెప్తామండి" అని ఒక లైను రాయడం తేలికవుతుంది. ‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’, ‘కైండ్లీ రివర్ట్ అట్ ది ఎర్లియెస్ట్’ లాంటివి మానేయండి, మర్యాద అనుకుని రాస్తాం గానీ చదివేవాళ్ళకి తహసీల్దార్ ఆఫీసుకి పెట్టిన అర్జీలా ఉంటుంది. ‘మా ఇంట్లో పరిస్థితి బాగాలేదు సర్, ఈ ఉద్యోగం చాలా అవసరం’ అని కూడా రాయకండి. నిజమే అయినా సరే. అది చదివి హెచ్ఆర్ చేయగలిగేది ఏమీ ఉండదు, బాధపడటం తప్ప, నిర్ణయం ఆవిడ చేతుల్లో లేదు. ఇంకో మాట, బెంగళూరు ఐటీ కంపెనీల్లో ఎంత పెద్దవాళ్ళనైనా పేరు పెట్టి పిలవడం మామూలే, వాళ్ళు పేరుతో సంతకం పెట్టి రాస్తే మీరూ పేరుతోనే మొదలుపెట్టండి, మర్యాద తక్కువ ఏమీ కాదు. మనకి పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవాలంటే నోరు రాదు, తెలుసు. అలవాటవుతుంది.

వాట్సాప్, ఫోన్, లింక్డ్‌ఇన్

వాట్సాప్‌లో హెచ్ఆర్ ముందు తామే మెసేజ్ పెట్టి ఉంటేనే మీరు అక్కడ అడగండి. ఒకే మెసేజ్‌లో పేరు, ఉద్యోగం, ఇంటర్వ్యూ తేదీ, ప్రశ్న అన్నీ రాయండి. ‘హాయ్’ అని పెట్టి ఎదురు చూడటం, పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్, జవాబు రాలేదని ప్రశ్నార్థకం గుర్తులు మూడు, ఇవన్నీ మీ పేరుని గుర్తుండిపోయేలా చేస్తాయి, కానీ ఆ గుర్తుండటం మంచికి కాదు.

ఫోన్ అయితే పదకొండు దాటాక, లేదా మధ్యాహ్నం మూడు నుంచి ఐదు మధ్య. రెండు నిమిషాల్లో అయిపోవాలి. "నమస్తే మేడమ్, 12వ తేదీ బ్యాకెండ్ ఇంటర్వ్యూకి వచ్చినవాణ్ణి, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అనండి, వద్దంటే ఎప్పుడు చేయమంటారో అడిగి పెట్టేయండి. ఎత్తకపోతే వెంటవెంటనే ఐదుసార్లు కొట్టకండి, ఒక మెసేజ్ పెట్టి ఊరుకోండి.

ఇక్కడ ఒకటి చెప్పాలి. నేను చెప్పేదంతా ఎక్కువగా ఐటీ లెక్క. పీణ్యాలోనో బొమ్మసంద్రలోనో ఫ్యాక్టరీకి, షాపుకి, చిన్న ఆసుపత్రికి, స్కూలుకి ఇంటర్వ్యూకి వెళ్ళినవాళ్ళకి మెయిల్ పెద్దగా పని చేయదు, చాలాచోట్ల చూసేవాళ్ళే ఉండరు. అక్కడ ఫోనే దారి. మీ దరఖాస్తు తీసుకున్న మనిషి పేరు, నంబరు ఆ రోజే అడిగి తెచ్చుకోండి, నాలుగో రోజు ఒకసారి చేయండి. రెండు కన్నడ ముక్కలు వస్తే వాడండి, అటునుంచి "హేళి" (చెప్పండి) అన్నప్పుడు బిత్తరపోకుండా "నమస్కార సర్" అని మొదలుపెట్టి, తర్వాత మీకొచ్చిన భాషలో చెప్పండి.

లింక్డ్‌ఇన్‌లో ప్యానెల్‌లో కూర్చున్నవాళ్ళకి రిక్వెస్ట్ పంపొచ్చు, ఫలితం గురించి మాత్రం వాళ్ళని అడగొద్దు. తెలిసినా చెప్పకూడదు వాళ్ళు. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లో వెతికి పట్టుకోవడం అసలే వద్దు.

హెచ్ఆర్ తెలుగువాళ్ళని తెలిసిందనుకోండి, ఈ ఊళ్ళో అది చాలా మామూలు, వెంటనే "మీది ఏ ఊరండీ? అక్కా, కొంచెం చూడండి" అని దిగిపోకండి. వాళ్ళు తెలుగులో మాట్లాడితే మీరూ అండి, మీరు అంటూ తెలుగులో మాట్లాడండి, సరిపోతుంది. ‘మనవాళ్ళే కదా’ అన్నట్టు చనువు తీసుకుంటే నిజంగా సాయం చేద్దామనుకున్నవాళ్ళు కూడా వెనక్కి తగ్గుతారు, ఎవరైనా చూస్తే వాళ్ళ ఉద్యోగానికే మాట వస్తుంది. రిఫరెన్స్ ఇచ్చిన ఫ్రెండ్ సంగతీ అంతే, స్టేటస్ చూడమని ఒకసారి అడగండి, రోజూ లంచ్‌లో అడగొద్దు.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్ళి ఉంటే మొదట కన్సల్టెంట్‌నే అడగాలి, దాటేసి కంపెనీకి రాస్తే ఇద్దరికీ కోపం వస్తుంది. "ఫీడ్‌బ్యాక్ పాజిటివ్ అండీ, వెయిట్ చేయండి" అని అంటూనే ఉంటారు, ఆ మాట పట్టుకుని వేలాడకుండా "ఇంకా ఏ రౌండ్ మిగిలింది, ఎవరి నుంచి రావాలి, ఎప్పటికి?" అని సూటిగా అడగండి. చెప్పలేకపోతున్నారంటే వాళ్ళకీ తెలియదన్నమాట.

ఇంకో ఆఫర్ చేతిలో ఉంటే

అప్పుడు పదిరోజులు ఆగనక్కర్లేదు, వెంటనే చెప్పండి: "నాకు ఇంకో ఆఫర్ వచ్చింది, 24లోపు జవాబివ్వాలి, మీ దగ్గర చేయాలనే నాకు ఎక్కువ ఇష్టం, అప్పటిలోగా తెలిసే అవకాశం ఉందా?" ఇది బెదిరింపులా ఉండదు, ఒక సమాచారం, అంతే. కదలని ఫైళ్ళు దీంతో కదలడం నేను చూశాను. కానీ లేని ఆఫర్ ఉందని చెప్పకండి, ఆ లెటర్ పంపమని అడుగుతారు, అప్పుడు ఏం పంపుతారు?

ఇంకోటి, సెలెక్ట్ అయ్యారని ఫోన్లో చెప్పగానే ఉన్న ఉద్యోగానికి పేపర్లు పెట్టేయకండి. ఆఫర్ లెటర్ మెయిల్లో వచ్చి, అందులో జీతం, చేరే తేదీ చూసుకున్నాకే. ఫోన్‌కీ లెటర్‌కీ మధ్య ఎన్ని రోజులు పడుతుందో కూడా ఇదే పద్ధతిలో అడగండి, "లెటర్ ఎప్పటికి రావచ్చు, దాన్ని బట్టి ఇక్కడ నోటీస్ ఇస్తాను" అని. మూడు నెలల నోటీస్ ఉన్నవాళ్ళకి ఆ ప్రశ్న చాలా సహజం, ఎవరూ తప్పుగా అనుకోరు. ఆఫర్ రాకముందే ఎవరైనా లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, వెరిఫికేషన్ ఛార్జి అంటూ డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు, మోసం. రూపాయి కూడా కట్టకండి, అక్కడితో ఫాలో అప్ ఆపేయండి.

ఎప్పుడు వదిలేయాలి

మొదటి మెయిల్‌కి జవాబు లేకపోతే ఇంకో వారం ఆగి రెండోది. దానికీ లేకపోతే పది రోజులకి మూడోది, అదే ఆఖరిది: "బహుశా వేరేవాళ్ళని తీసుకుని ఉంటారనుకుంటున్నాను, అలా కాకపోతే చెప్పండి, ముందు ముందు నాకు తగిన ఖాళీ ఏదైనా వస్తే సంతోషంగా వస్తాను." ఇందులో ఎత్తిపొడుపు ఉండకూడదు, ‘కనీసం చెప్పే మర్యాద కూడా లేదా’ అన్న కోపం మీకు ఉండొచ్చు, న్యాయమే, కానీ అది రూమ్మేట్‌తో చెప్పుకోండి. విచిత్రం ఏంటంటే ఎక్కువసార్లు జవాబు వచ్చేది ఈ మూడోదానికే, కాదనడానికైనా సరే, నా విషయంలో రెండుసార్లు అలాగే జరిగింది. దీని తర్వాత మాత్రం నాలుగోది లేదు. ఈ మూడు వారాలూ వేరే ఇంటర్వ్యూలు ఆపి కూర్చోకండి, అది అన్నిటికన్నా పెద్ద తప్పు.

కాదని మెయిల్ వస్తే రెండు లైన్ల జవాబివ్వండి. థాంక్స్ చెప్పి, ఏ విషయంలో ఇంకా నేర్చుకోవాలో ఒక్కటి చెప్పగలరా అని అడగండి, చెప్తే తీసుకోండి, వాదించకండి. మళ్ళీ ఎన్నాళ్ళకి అప్లై చేయొచ్చో కూడా అప్పుడే అడగండి, చాలాచోట్ల ఆరు నెలలో ఏడాదో ఆగమంటారు.

ఇంటి దగ్గరివాళ్ళకి కూడా తేదీయే చెప్పండి. "ఏమైంది రా?" అని నాన్న రోజూ అడుగుతున్నారంటే ఆయనకి తేదీ తెలియకే. "19 దాకా ఏమీ ఉండదు నాన్నా, 21న మెయిల్ పెడతాను" అంటే 21 దాకా అడగరు. సరే, మా నాన్న 17కే అడిగారు, అది వేరే విషయం.

అన్నీ చేశాక వాళ్ళ ఫోన్ వచ్చేది మాత్రం సిల్క్‌బోర్డ్ సిగ్నల్లో వేలాడుతున్నప్పుడే. హెచ్ఆర్ నంబర్ ముందే సేవ్ చేసి పెట్టుకోండి, ‘080’తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబర్లు లోన్ వాళ్ళేమో అని కట్ చేయకండి, బెంగళూరు ఆఫీసుల నంబర్లన్నీ అలాగే ఉంటాయి. ఎత్తి, చుట్టూ హారన్లయితే "బస్సులో ఉన్నాను, పది నిమిషాల్లో చేయనా?" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. మిస్సయితే ఆ ల్యాండ్‌లైన్‌కి తిరిగి చేసి ప్రయోజనం తక్కువ, అది రిసెప్షన్‌కి పోతుంది, ఎవరు చేశారో వాళ్ళకి తెలియదు. బస్సు దిగే దాకా ఆగకుండా అదే థ్రెడ్‌లో ఒక లైను రాయండి: ఇప్పుడే మీ ఫోన్ మిస్సయ్యాను, నాలుగు నుంచి ఆరు దాకా ఖాళీగా ఉంటాను.